తూనిక

చేపలు తూచే త్రాసు మా నాన్నది.
నాన్నని యుద్ధం తీసుకుంది,
త్రాసుని వీపున కట్టుకుని నేను
పసుపు సముద్రం దాటి ఈ దీవికొచ్చాను.
పధ్నాలుగేళ్ళు నాకు. పేరు ఒక్‌బున్.

ఇసుకలో రెండు గుడారాలు, ఒక తూనీగ.
హెలికాప్టర్‌ని మేమట్లాగే అనేవాళ్ళం.
సన్నటి తోక, పెద్ద కళ్ళు, పొట్టలో చోటే లేదు.
విమానం కూలి ఉత్తరాది కొండల్లో గొడుగుతో దిగినవాళ్ళని
తుపాకుల కంటే ముందు చేరి తెచ్చుకోవడం దాని పని.

తూకం తప్పితే తూనీగ మూతి పైకి లేచిపోతుందిట.
మనిషి లేని సీట్లో మనిషంత బరువుండాలిట.
లెఫ్టినెంట్ హౌగెన్ చేతులతో చెప్పాడు:
రాళ్ళు కావాలి.

అలలు నున్నగా నూరినవి ఏరేదాన్ని,
తూచి, ఎర్ర రంగుతో అంకె వేసేదాన్ని.
మూడు రాళ్ళకి ఒక డబ్బా మాంసం.

పొద్దున రాళ్ళతో పోయి
మధ్యాహ్నం మనిషితో వచ్చేది.
రాళ్ళేవీ అంటే
మంచు కొండల వైపు చెయ్యి చూపేవాడు మెకానిక్ ప్రూయిట్.
ఆ కొండల వెనకే మా ఊరు.
నేను నవ్వాను. ఎందుకో తెలీకుండానే అతనూ నవ్వాడు.

రాళ్ళు తిరిగొచ్చిన రోజు ఎవరూ మాట్లాడేవారు కాదు.
దించి, కడిగి, మళ్ళీ వరసలో పెట్టేదాన్ని.

ప్రూయిట్‌కి ఇరవై ఉంటాయేమో.
ఒకసారి వేళాకోళానికి త్రాసు కొక్కేనికి వేలాడాడు
గాలానికి పడ్డ చేపలా నోరు తెరిచి.
అరవై రెండు, అన్నాను.
నా కుంచె లాక్కుని
బూటు మీద ఎర్రగా రాసుకున్నాడు.

జనవరి. సముద్రం అంచుల్లో గడ్డకట్టింది.
సాయంత్రం తూనీగ ఓ పక్కకి ఒరిగి, నీళ్ళు తాకుతూ వచ్చింది.
ఇద్దరు దిగారు.
ఒకడి కాలు నుజ్జయింది, ఒకడికి కనురెప్పలు కాలిపోయాయి.
నేను ఇంకా లోపలికే చూస్తున్నాను.

“రాళ్ళన్నీ పారేశాం,” అన్నాడు హౌగెన్.
“రేడియో పారేశాం. తలుపు ఊడదీసి పారేశాం. లేవలేదు.”
చేతి తొడుగు వేళ్ళు ఒక్కొక్కటే లాగుకుంటూ చాలాసేపు ఉండి
“అప్పుడు వాడు దిగాడు.”
దుబాసీ అవసరం రాలేదు.

తెల్లారకముందే మళ్ళీ బయల్దేరాడు, ఒక్కడే.
ఆ రోజు రాళ్ళు నన్ను తూచనివ్వలేదు.
తనే ఒకటి పెట్టి, ఒకటి తీసి,
దండె అరవై రెండు దగ్గర నిలిచేదాకా.
పక్క సీట్లో పేర్చి బెల్టు బిగించాడు.

మధ్యాహ్నానికి అవే రాళ్ళు వచ్చాయి.
బెల్టు అలాగే ఉంది.

ఎనభై దాటాయి నాకిప్పుడు.
గాలి తేటగా ఉన్న పూట ఆ కొండలు కనిపిస్తాయి.
మధ్యన ముళ్ళతీగలు, గస్తీ పడవలు.
నేను పోలేదు గాని నేనేరిన రాళ్ళు పోయాయి.
మా పినతల్లి కూతురు బతికుంటే
పుట్టగొడుగులకో కట్టెలకో కొండెక్కి,
సముద్రపు రాయి ఇక్కడికెలా వచ్చిందని తిరగేసి,
చెరిగిన ఎర్ర అంకె అర్థంగాక
ఇంటికి తెచ్చి, కడిగి,
క్యాబేజీ ఊరేసిన జాడీలో
ముక్కలు పైకి తేలకుండా బరువు పెట్టి ఉంటుంది.

ఆ అరవై రెండు కిలోలు మాత్రం నా దగ్గరే ఉన్నాయి.
ఒకటి నా జాడీలో.
మిగతావి గుమ్మం దగ్గర,
సముద్రపు గాలికి తలుపు కొట్టుకోకుండా.