పొర లేపడం

పొగతోటలో పొగాకు లేదు.
ఆస్పత్రులున్నాయి, మందుల షాపులున్నాయి,
ఒక మేడమెట్ల కింద ఏడడుగుల నా కొట్టుంది.
డాక్టర్ల పనిముట్లు విరిగితే నా దగ్గరికొస్తాయి.

పొగాకు మాలకొండయ్యతో వచ్చింది,
కందుకూరు బ్యారన్ల దగ్గర్నించి, చొక్కా జేబులో చుట్టగా.
ముప్ఫయ్యేళ్ళు పీల్చిన పొగ
ఉచ్చబుడ్డ గోడ మీద
చిన్న కాలీఫ్లవర్‌లా పూసింది.
నొప్పి లేదంట. ఒకరోజు ఎర్రగా పడిందంట.
"బీట్‌రూట్ తిన్లేదు మేడం" అన్నాడంట, అడక్కముందే.

సుచేత మేడం తీగ చూపించింది.
వంకీ తిరిగిన సన్న తీగ, కరెంటిస్తే కోస్తుంది.
"దీంతో ముక్కలు ముక్కలుగా గీకుతాం.
గీకినవి నీళ్ళలో తేలతాయి,
ఏది ఎక్కడ మళ్ళీ నాటుకుంటుందో తెలీదు.
పక్కగోడకి తగిలిస్తే నరం ఉలిక్కిపడి
మత్తులో ఉన్న మనిషి కాలు తన్నుతుంది.
ఆ ఒక్క తన్నుకి గోడకి చిల్లు.
భయపడి పైపైన కోస్తే
ల్యాబు కాగితం తిరిగొస్తుంది: కండ లేదు, లోతు చెప్పలేం.
మళ్ళీ బల్ల, మళ్ళీ మత్తు, మళ్ళీ అప్పు."
చివరి మాట ఆమె అన్లేదు. నేను కలిపాను.

"వేరుతో సహా ఒక్క బిళ్ళగా లేవాలి.
చెయ్యగలవా?"

నేను గూడూరు కాకిబంగారం గనుల పిల్లోణ్ణి.
మా అమ్మ పెంచలమ్మ షెడ్డులో గొంతుక్కూర్చుని
కొడవలి ముక్క మొనతో
దిమ్మలోంచి రేకు తీసేది.
కోసేది కాదు, అంచు వెతికేది.
అంచు దొరికాక మొన దూర్చి, ఊపిరి బిగబట్టి
కాస్త వంచేది.
మిగతా పని రేకే చేసుకునేది.
చిట్లితే కూలి కోత.
ఇంటికొచ్చాక ఆమె చెంపల మీద, మా అన్నం మెతుకుల మీద మెరుపు.
ఆ మెరుపు ఊపిరితిత్తుల్లోనూ ఉందని
ఎన్నేళ్ళకో ఎక్స్‌రే చెప్పింది.

తెల్లారుజామున ఖాజా కొట్టుకెళ్ళి
మేక ఉచ్చబుడ్డలు తెస్తున్నా.
మొదటిరోజు "కుక్కకా?" అన్నాడు.
ఇప్పుడడగడు. పేపర్లో చుట్టి ఉంచుతాడు, డబ్బు తీసుకోడు.
మా ఆవిడ మాత్రం
ఫ్రిజ్జు ముట్టుకుంటే ఒప్పుకోనంది,
ఐసుపెట్టె కొనుక్కుని వరండాలో పెట్టుకోమంది.

ఎన్ని కాలాయో ఎన్ని చిరిగాయో
రాసిన నోటుబుక్కు కూడా తడిసి పోయింది.
పొర కింద సూదితో ఉప్పునీళ్ళెక్కిస్తే
పూరీలా పొంగుతుందని మేడం చెప్పింది.
పొంగిన చోట తీగ మానేసి
చప్పిడి మొన పెట్టాను, అమ్మ కొడవలి ముక్కకి నకలు,
గోరులో నాలుగోవంతు.
లేచింది.
కండ అంటుకుని ఒక్క బిళ్ళగా లేచింది!
లేచింది సరే, బయటికెట్టా తియ్యను?
గొట్టమేమో చిటికెనవేలంత.
లోపల లేపింది లోపలే ఉంటే
బావిలో పడ్డ చేదే కదా అది.

జుట్టంత తీగలతో సంచి అల్లుతున్నా.
ముడుచుకుని పోవాలి, నీళ్ళలో విచ్చుకోవాలి,
పట్టుకున్నాక మళ్ళీ ముడుచుకోవాలి.
విసురువల విచ్చుకునేది చూడ్డానికే
మైపాడుకి రెండు ఆదివారాలు పోయాను.
వలాయన నన్ను చేపల బేరగాడనుకున్నాడు.

మూణ్ణెల్ల పరీక్షకి మాలకొండయ్య వచ్చాడు.
మళ్ళీ రెండు పూలు.
కొట్టు ముందు నిలబడ్డాడు.
"కొత్తది చేస్తన్నావంట గదా. ఈసారి దాంతోనా?"
"కాదన్నా, పాతదే.
ఇదింకా మేకల కాడే ఉంది.
ఆనక పరీక్షలు, ముద్రలు, కాగితాలు, ఏళ్ళు."
జేబు తడుముకున్నాడు. ఖాళీ జేబు.
చుట్ట మానేశాడు, చెయ్యింకా మానలేదు.
"సరే అబ్బయా, నా ముక్కలేమన్నా పనికొస్తే వాడుకో" అని
మెట్లెక్కి పోయాడు.

నిన్న మొన తీసుకెళ్ళి అమ్మ చేతికిచ్చాను.
కళ్ళు ఆనవు. బొటనవేలు అంచు మీద
వెళ్ళింది, వచ్చింది, మళ్ళీ వెళ్ళింది.
దగ్గు ఆగేదాకా ఆగి అంది:
"ఇంకా గీస్తా ఉందిరా."