నాలుగు గంటల చీకటి

పిండి బస్తాల పక్కన, గోడకి
చట్టం వేలాడుతుంటుంది
మేకు వదులై ఓ పక్కకి ఒరిగి.
పదహారేళ్ళవాడు ఐదుకి ముందు
పిండి ముట్టకూడదని అందులో ఉంది.

టీలో మాత్రం నాలుగూ నలభైకే వచ్చేస్తాడు,
సైకిల్ మీద,
ట్స్వికావ్ ఇంకా ముసుగుతన్ని ఉండగానే.
చేతులు చంకల్లో పెట్టుకుని
మంచులో గుమ్మం బయటే నిలబడతాడు.
లోపలికొచ్చి కూర్చోరా, అంటాను.
కూర్చోవడం పని కిందకి రాదు కదా.
అయినా వాడి వేళ్ళు ఊరుకోవు,
బల్ల మీద లేని ముద్దని పిసుకుతుంటాయి.

నేను చేరినప్పుడు నాకు పద్నాలుగు.
రాత్రి ఒంటిగంటకి
దుప్పటి లాగేసి లేపేవాడు మా యజమాని.
చట్టం అప్పుడూ ఉందేమో,
గోడ మీద మాత్రం లేదు.
ఆ నిద్ర బాకీ ఇంకా తీరలేదు:
చర్చిలో, పళ్ళ డాక్టరు కుర్చీలో,
మా ఆయన్ని మట్టిచేసిన రోజు కూడా
కునుకు తీశాను.

రేపటితో వీడికి పదిహేడు.
ఇక నాలుగింటికే రావచ్చట,
చీకట్లోంచి ఒక గంట కోసి
చట్టం వాడికిస్తున్న కానుక.
గర్వంగా చెప్పాడు,
మీసం రాని పెదవి మీద పిండి.

కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ చదివాను.
రావచ్చు అనే ఉంది,
రావాలి అని లేదు.

మేకు బిగించి,
రేపటి పలక మీద వాడి పేరు పక్కన
ఐదు అని రాశాను.