ముందు పైకి

ఆటోనగర్‌లో, నైట్ షిఫ్టులో
మొదటి టూలు విరగ్గొట్టింది నేనే.
పదహారు మిల్లీమీటర్ల కార్బైడు.
క్లాంపు నట్టుకి తల కొట్టుకుని
ఒక్క చప్పుడు,
తర్వాత కూలెంటు కారుతున్న చప్పుడు మాత్రమే.

గంగునాయుడు మేస్త్రి తిట్టలేదు.
విరిగిన ముక్కని అరచేతిలో దొర్లిస్తూ
"మూడింటినీ ఒకేసారి ఎందుకు కదిపేసావే గుంటా?
గాల్లో పోడానికి సోకెందుకు?
ముందు పైకి. జెడ్ ఒక్కటే.
దాంతో ఎవల్నీ పంపకు.
పైకెల్లాక ఎటైనా ఎల్లు."

నేను మిగిల్చుకుందామనుకున్నది
అర సెకను.
అప్పట్లో నాకు ఐమూలగా పోవడం ఇష్టం,
గాజువాక జంక్షన్‌ని కూడా అలాగే దాటేదాన్ని.

ఆయన నేర్చింది చేతి చక్రాల మిల్లు మీద.
ఒక చక్రం తిప్పి, ఆపి, బిగించి,
గీత చూసి, బీడీ వెలిగించి,
అప్పుడు రెండోది.
నలభై కన్నాల ఫ్లాంజి వస్తే
ఇప్పటికీ ఆయన మాటే నెగ్గుతుంది.
అక్షాలు మాట్లాడుకోవాల్సిన పని లేదక్కడ,
ఒకటి ఆగాక ఇంకోటి.
తప్పు జరిగినా
ఎవరిదో చెప్పడం తేలిక.

వేట నిషేధం ఇంకో వారంలో ముగుస్తుందనగా
హార్బరు నుంచి ప్రొపెల్లర్ వచ్చింది.
మూడు రెక్కలు, ఒకదాని అంచు ఉప్పు తినేసింది.
వెల్డు పోసి తెచ్చారు,
చెక్కడం మా వంతు.

మేస్త్రి తన పద్ధతిలోనే రాయించాడు మొదట.
ఒక్కో గీత, ఒక్కో మెట్టు.
చెయ్యి వేస్తే సింహాచలం మెట్లలా ఉంది రెక్క.
"నీల్లు దీని మీద జారవు, దేక్కుంటా పోతాయి"
ఆయనే అన్నాడు.

పెదజాలారిపేటలో అలివి వల లాగేటప్పుడు
మా నాన్నది ఉత్తరం తాడు,
చిన్నాన్నది దక్షిణం తాడు.
చిన్నాన్న వైపు నీళ్ళు గుంజిన రోజున
నాన్న బలమంతా చూపిస్తే
వల పక్కకి తిరిగి చేప జారిపోతుంది.
అందుకని, లాగగలిగీ లాగకుండా,
ఇసకలో మడమలు పాతి
కాసుకునేవాడు.

మూడు అక్షాల్నీ, తిరిగే బల్లనీ
ఒకే వరుసలో రాశాను.
దూరం ఉన్నది తన నడక నడుస్తుంది,
దగ్గరున్నది కావాలనే నెమ్మదిస్తుంది.
బయల్దేరడం కలిసి. చేరడం కలిసి.
రాసిన వేగం టూలు మొనది,
ఏ ఒక్క అక్షానిదీ కాదు.

తెల్లవారుజామున నాలుగింటికి రెక్క దిగింది.
మేస్త్రి బొటనవేలితో నిమిరాడు.
వేలు ఎక్కడా ఆగలేదు.
ఏమీ అనకుండా స్క్రీన్ దగ్గరికొచ్చి
కళ్ళజోడు సర్దుకుని
చివరి వరుస వెతికాడు:
జెడ్ ఒక్కటే, పైకి.

ఉంది.

టీకి పోదాం పద, అన్నాడు.