అడుగు

గుమ్మం నుంచి నీటిదాకా
నూరు అడుగులకో వరస.
బెనీతా అత్త చాప అల్లే లెక్క అది.

మొదటి ఏడు పన్నెండు వరసలు,
పోపో సరస్సు ఒడ్డు తుంగతో.
ఇప్పటికీ ముక్కు ఆనిస్తే
చేప పొలుసు, బాతుగుడ్డు,
రుఫీనో మామయ్య తడి చొక్కా.

తర్వాత నీరు వెనక్కి నడిచింది.
అత్త దాని వెనకాలే నడిచింది,
పెదవుల మీద అంకెలు, నోట్లో ఉప్పుగాలి.
నీరు ఎంత తగ్గితే చాప అంత పెరిగేది.
మంచం దాటింది, గది దాటింది,
చుట్టి మూలన పెడితే గొర్రెంత లావు.

తుంగ అయిపోయాక గోధుమగడ్డి కొన్నాం
పొరుగూరి ఐమారాల దగ్గర, కట్టకింత అని.
ఉరూలం, నీళ్ళ మనుషులం, మాకు పొలాలెక్కడివి?
పెళుసు గడ్డి. వేళ్ళు కోసేది.
"దీనికి ఈత రాదు" అని విసుక్కునేది అత్త.

ఆ డిసెంబర్లో
తెల్లారకముందే వెళ్ళి చీకటిపడ్డాక వచ్చింది.
ఎంత నడిచినా
అడుగు అడుగునా అడుగే.
ఉప్పు పెళ్లలు, పక్కకి ఒరిగిన పడవలు,
బెరడులా ఎండిన ఫ్లెమింగో కాలు ఒకటి.
లెక్క తప్పిందా అని అడిగాను.
"తప్పలేదు. చివర దొరకలేదు."
ఆ రాత్రి వరస అల్లలేదు,
అంచు కట్టనూ లేదు.
పోచలు అలాగే వేలాడనిచ్చింది.

లాపాజ్ నుంచి ప్రదర్శనశాల వాళ్ళొచ్చారు.
తెల్ల తొడుగుల చేతులతో చాప పరిచారు.
శోకం అన్నారు, కళ అన్నారు,
అంచు కుట్టిస్తే గోడకి బాగుంటుందన్నారు.
అత్త కోకా ఆకు టీ పోసింది.
"గోడకి కాదు. చెప్పులు విప్పి నడవండి."
ఒకతను నడిచాడు. సగంలో ఆగి
ఎందుకో ప్యాంటు మోకాళ్ళదాకా మడుచుకున్నాడు.

మొన్న ఫిబ్రవరిలో వాన.
మూడు వేల అడుగుల దూరంలో
చీలమండ లోతు నీరు.
అత్త పరిగెత్తలేదు. లెక్కపెట్టుకుంటూ వెళ్ళి
లెక్కపెట్టుకుంటూ వచ్చి
వరసలు విప్పడం మొదలెట్టింది.
నీరు దగ్గరకొస్తే చాప తగ్గాలి కదా,
న్యాయం న్యాయమే.

విప్పిన గడ్డి నిటారు కాలేదు.
వంగిన చోటల్లా వంగే ఉంది.
నానబెట్టాం, రాయి పెట్టి అణిచాం.
లామా వచ్చి నాలుగు పోచలు నమిలి పోయింది.
మార్చికల్లా నీరూ పోయింది.

అత్త మోకాళ్ళిప్పుడు మాట వినవు.
ఇవాళ పొద్దున్నే గుమ్మంలో
నా చెప్పులు దులిపి పెట్టింది.
"నీ అడుగు నా అడుగుకన్నా పెద్దది,
లెక్కలో అది కూడా చూసుకో" అంది.