సోడాకొక ప్రశ్న

మార్కాపురంలో పలక కొనక్కర్లేదు,
అంచు విరిగిందైతే అడిగితే ఇస్తారు.
అట్టా దొరికిందే మౌలాలి సోడా కొట్టు ముందర
మేకుకి వేలాడేది.
పొద్దున్నే బలపంతో ఒక ప్రశ్న.
సరిగ్గా చెప్పినోళ్ళకి సోడా ఊరికే,
తప్పితే రెండు కొనాల.

నేను పొదిలి బస్సు కండక్టర్ని.
సంచీలో చిల్లర, బుర్రలో చిల్లర సంగతులు.
ఒకటే ఆకు, ఓడెక్కి పోయిన చోట టీ,
ఒంటెనెక్కి పోయిన చోట చాయ్ అని చెప్పి
ఒక మంగళవారం నిమ్మసోడా గెలిచాను.

బాల్చీ ఎవరి మాట? బుడతకీచులది.
ఇస్త్రీ? అదీ వాళ్ళదే.
బ్యాంకు గుమాస్తా వీరరాఘవులు
మడత నలగని తన చొక్కా వైపు
అనుమానంగా చూసుకున్నాడు.

నాలుగు పాదాలు నడిచీ ఒంటరిగా ఇల్లు చేరలేక
వెనక ఒక చిన్న పద్యాన్ని తోడు తెచ్చుకునేది?
తెలుగు పండితుడు అనంతాచార్యులు
కళ్ళు తెరవకుండానే "సీసం" అన్నాడు.
"సీసానికి సీసా" అంటూ మౌలాలి
బొటనవేలితో గోళీని నొక్కాడు.
కుయ్యిమంది.
తాగేసి, తేటగీతి కింద ఇంకోటి అడిగాడాయన.

సోడాలో సోడా ఎంత?
ఆ రోజు ఎవరూ గెలవలా.
"అసల్లేదు, నీళ్ళూ గాలీ" అని సాయంత్రం తనే చెప్పేసి
తన బేరం తనే చెడగొట్టుకున్నాడు.

శ్రావణంలో, వాన రాని ఒక ఉక్కపోత రోజు,
పలక మీద సినిమా:
సెకనుకి తెర మీద ఎన్ని బొమ్మలు?
ఇరవై నాలుగన్నాను. అక్కడితో ఆగొచ్చు.
ఆగలేక,
బొమ్మకీ బొమ్మకీ నడుమ తెర చీకటైపోద్దనీ,
రీలు ఆటలో ఇంచుమించు సగంసేపు
మనం చూసింది చీకటేననీ కూడా చెప్పాను.

గని నుంచి వస్తా నీళ్ళకని ఆగిన కోటమ్మ
నెత్తిన చుట్టకుదురు తీసి దులిపి,
"ఆ చీకటిక్కూడా టిక్కెట్టు కొట్టారా?" అంది
నా వైపు చూసి, నేనే కొట్టినట్టు.

నవ్వాం. ఆమె నవ్వలా.
ముప్పై ఏళ్ళు పలకలు మోసిన మనిషి,
ఒక్కదాని మీదా రాసిందిలేదు.
"నేనోటి అడగనా?"
"అడుగక్కా, రాస్తా" బలపం తీశాడు మౌలాలి.
"రాయి గనిలోంచి పైకొచ్చినాక
ఎప్పుడు చీలిస్తే పలకవుద్ది?"

పండితుడు తిథి చూడాలన్నట్టు వేళ్ళు మడిచాడు, చివరికి పౌర్ణమి అన్నాడు.
గుమాస్తా, "బాగా ఎండాక. ఎండితేనే గదా పెళుసు."
నేను, తెల్లారుజామున అన్నాను,
బస్సులు కదిలేది అప్పుడే గనక.
ఈ ఊళ్ళోనే పుట్టిన మౌలాలి
తలొంచుకుని సీసాలు కడుగుతున్నాడు.

"తడి ఆరకముందు" అంది.
"గనిలో తడి దాని ఒంట్లో ఉన్నంతసేపే.
అంచు మీద ఉలి పెట్టి మెల్లగా తట్టినా
పొరలు పొరలుగా ఇచ్చుకుంటది.
ఎండనిచ్చారా, ఎంత మొత్తినా ముక్కలే."

ముగ్గురి తప్పులకీ ఆరు సోడాలు.
ఒకటి అక్కడే తాగింది, గోళీ గలగలమనేదాకా.
ఐదు కొంగులో మూటగట్టుకుని గని వైపు మళ్ళీ నడిచింది.
తెల్లారి ఐదు సీసాలూ వచ్చాయి,
కడిగి.

రాత్రి ట్రిప్పులో, తర్లుపాడు దాటి
లైట్లార్పేసిన బస్సులో
ఎవరి చేతిలోనో టిక్కెట్టు పెట్టేటప్పుడు
ఆమె ముందు అడిగిన ప్రశ్న గుర్తొస్తది.
దాన్ని మౌలాలి పలక మీద రాయలా.
నాకింకా జవాబు తెలవదు.