ఉప్పు తిన్నది

ఉప్పు తిన్నవాళ్ళకి విశ్వాసం ఉంటుందంటారు.
మా స్విచ్చి ఉప్పు తినే చచ్చిపోయింది.
మొంబాసా రేవుగాలి
నాలుగేళ్ళపాటు దాని నోళ్ళలోకి దూరి
పచ్చటి తుప్పు పెట్టిపోయింది.

అంతకుముందే దానికో జబ్బుండేది.
పదకొండింటికి, కస్టమ్స్ కాగితం సగం వెళ్ళాక,
ఆకుపచ్చ దీపాలన్నీ ఒక్కసారిగా నారింజకి తిరిగేవి.
"కలూమే!" అని ఐదు గొంతులు.
టీ పళ్ళెం దించి కలూమే తాత వచ్చి
ప్లగ్గు పీకి
తన గిర్యామా భాషలో పది లెక్కపెట్టి
మళ్ళీ గుచ్చేవాడు.
తొమ్మిదికే గుచ్చితే అలుగుతుందట.
నవ్వేవాళ్ళమే గానీ
ఎనిమిది దగ్గర ఎవరమూ ఊపిరి వదిలేవాళ్ళం కాదు.

ఆ గురువారం ఇరవై దాకా లెక్కపెట్టాడు.
ముప్ఫై దాకా.
రేవులో మూడు కంటెయినర్ల టైర్లు
రోజుకింత అని అద్దె తింటూ కూర్చున్నాయి.
"రోజూ సణిగేది నువ్వేగా, నువ్వే కొనుక్కురా"
అని మ్వనకొంబో చెక్కుబుక్కు నా ముందుకి తోసింది.
నేను పద్దులు రాసేదాన్ని.
స్విచ్చి గురించి నాకు తెలిసిందల్లా
అది లేనప్పుడు తెలుస్తుందని.

డిగో రోడ్డులో తైయబ్ భాయ్ కొట్టు.
ఏదో బ్యాంకు నుంచి దిగిన ఏనుగొకటి ముందు చూపించాడు,
నలభై ఎనిమిది నోళ్ళు, వెనక రెండు ఫ్యాన్లు, సగం ధర.
నేను చెయ్యి చాపేలోపే తనే అడ్డం తిరిగాడు:
"ఫ్యానంటే ముక్కు.
మీ రేవు వీధిలో ముక్కున్న యంత్రమేదీ బతకదు."
ఇంకోటి తెలివైనది. ఎవరి దారి వాళ్ళకి గీస్తుందట,
ఎవరేం మోసుకెళ్తున్నారో చెబుతుందట.
"కానీ దాన్ని ఏలడానికి మీ దగ్గర మనిషున్నాడా?"
నాకు కలూమే తాత గుర్తొచ్చాడు.
పైకి అనలేదు.

అట్టపెట్టె మీద జీవితకాలం గ్యారంటీ అని ఉంది.
ఎవరి జీవితం, అన్నాను.
తైయబ్ భాయ్ కళ్ళజోడు తీసి తుడుచుకునేంత నవ్వాడు.

"ఎంతమంది మీరు?"
ఐదుగురం. ఒక ప్రింటరు, ఒక కెమెరా.
"అంటే ఏడు. ఎనిమిదిది కొంటానంటావు. కొనకు.
ఆఫీసన్నాక ఏడాదికో మేనల్లుడు పుడతాడు."
అప్పుడు అడుగు అరలోంచి తీసి నా చేతిలో పెట్టాడు,
పదహారు నోళ్ళ ఇనుప పెట్టె.
ఫ్యాన్ లేదు. పేరు కూడా సరిగ్గా కనబడదు.
బరువుగా ఉంది, ఇటుకలా.
"ఒంటితోనే వేడి వదిలేస్తుంది.
దీని మీద ఫిర్యాదుతో ఎవరూ తిరిగిరాలేదు,
పొగడటానికీ రాలేదు.
చచ్చేదెప్పుడూ పెట్టె కాదు, దాని అడాప్టరు. రెండు తీసుకో."

పాతదున్న కిటికీ గూట్లోనే పెట్టబోయాం.
కలూమే తాత వద్దన్నాడు.
మారు మాట్లాడకుండా బీరువా మీదికి చూపించాడు,
చక్కెర డబ్బా ఉండేచోటు.
"ఇరవయ్యేళ్ళుగా పెడుతున్నా,
ఇక్కడ చక్కెర ఎప్పుడూ గడ్డకట్టలేదు."
డబ్బా కాస్త పక్కకి జరిగింది.

ఎనిమిది నెలలు.
రెండో అడాప్టరు నా సొరుగులో ప్లాస్టిక్ కవరు విప్పకుండా ఉంది.
మేనల్లుడు నిజంగానే వచ్చాడు, పేరు బకారి,
తొమ్మిదో నోరు వాడిది.
ఇప్పుడు పదకొండింటికి ఎవరూ అరవరు.
అయినా తాత వస్తాడు,
పిల్లాడి నుదురు చూసినట్టు అరచెయ్యి ఆనించి
"గోరువెచ్చగా ఉంది" అని
ఎవరితోనో చెప్పి, టీ పోస్తాడు.

మొన్న కరెంటు పోయింది.
వచ్చాక దానంతటదే లేస్తుందని
ఆయనకి మేమెవరమూ చెప్పలేదు.
బీరువా కింద నిలబడి మొదలుపెట్టాడు.
అది ఆరుకే లేచింది,
దీపాలు వరసగా పచ్చబడ్డాయి.
తాత పది దాకా లెక్కపెట్టాడు.