ఒకటే కౌంట్

కిలోకి ముప్పై తూగితే ముప్పై కౌంట్,
వంద తూగితే వంద కౌంట్.
విడవలూరు రొయ్యల షెడ్డులో పదేళ్ళుగా
నా వేళ్ళకి తెలిసిన లెక్క ఇదొక్కటే.
తల గిల్లతానే చెప్తా
అది ఏ కౌంటో, ఎంత పలకతాదో.

కడుపులో ఉన్నదాన్ని మాత్రం
ఏ వేలితో తూచాలో తెలియలా.

ఏడో నెలకే కుచ్చిళ్ళు నిలవడం మానేశాయి.
"కవలలేమో" అంది చెంగమ్మత్త.
"నీరు పట్టిందమ్మే, ఉప్పు తగ్గించు" అంది మస్తానమ్మ.
ఆశా అక్క వేలి కొస గుచ్చి
షుగరుందని చెప్పి అన్నం తగ్గించమంది.
క్యారేజీలో ఉండేదే అన్నం, దాని మీద ఇంత పులుసు.
దేన్ని తగ్గించేది?

పెన్న బ్రిడ్జి మీద 108 ఎగిరిపడినప్పుడల్లా
ఒక్కో నొప్పి వరస తప్పి ముందుకొచ్చింది.
దర్గామిట్ట పెద్దాసుపత్రిలో
తెల్లారుజామున మూడుకి
తల బయటికొచ్చింది.
అంతే. ఆడ్నే ఆగింది.
భుజం లోపల ఎముకకి తగులుకుందంట.

కరుణమ్మ సిస్టరు గోడ గడియారం చూస్తా
నిమిషాలు పైకి చదవతా ఉంది.
ఒకటి.
ఇద్దరు నా మోకాళ్ళు పట్టి రొమ్ముకి తగిలేదాకా మడిచారు.
ఒకామె పొత్తికడుపు మీద
పిడికిలి ఆనిచ్చి తన బరువంతా వేసింది.
"ఇప్పుడు ముక్కొద్దు, ఆగు."
ముక్కడం అందరూ నేర్పారు,
ఆగడం ఎట్టాగో ఎవురూ చెప్పలా.
రొండు.
అమ్మని పిలవలా, దేవుణ్ణీ పిలవలా.
షెడ్డు సూపర్‌వైజరు వాసుని తిట్టా,
బూతులు, వరసపెట్టి.
ఎందుకో వాడే గుర్తొచ్చాడు.

అప్పుడు లోపల ఏదో టక్కుమంది.
బురదలో దిగబడ్డ పడవ కదిలినట్టు
అంత ఒళ్ళూ ఒక్కసారే జారింది.
ఏడుపు లేదు.

తర్వాత ఉంది.

తక్కెడ పళ్ళెంలో పడుకోబెడితే
కాళ్ళు బయటికి వేలాడినయ్.
నాలుగు కిలోల తొమ్మిదొందల యాభై.
సిస్టరు నమ్మక, బిడ్డని తీసి, సున్నా చేసి
మళ్ళా పెట్టింది. అదే.
కింద కుట్లు పడతా ఉన్నా నాకు నవ్వొచ్చింది.
"ఐసు తరుగు తీసేశారా మేడం?" అన్నా.
ఆమెకి అర్థం కాలా.

వార్డంతా చూడ్డానికొచ్చింది.
పాత చీరతో కుట్టిన జుబ్బా మెడ కాడే ఆగిపోయింది.
దిష్టి చుక్క చాలదని
చెంగమ్మత్త బుగ్గంతా కాటిక పులిమింది.
"ఆడపిల్లకి ఇంత ఒళ్ళెందుకో" అని
పక్క మంచం ముసలామె గొణిగింది.
మా పెంచలయ్య బిడ్డని రొండు చేతులా ఎత్తి
"గుప్పెడు మనిషివి, దీన్ని యాడ దాచావే?" అన్నాడు.
దాచలా. మోశా.

కుడి చెయ్యి సంగతి ఎవురూ చూళ్ళా.
గుడ్డపేలికలా పక్కకి వాలిపోయేది.
లాగేటప్పుడు నరం సాగిందన్నాడు డాక్టరు,
వస్తాదిలే, రోజూ ఇట్టా కదిలించమన్నాడు.
ఐసులో మొద్దుబారిన నా వేళ్ళతో
మొద్దుబారిన దాని వేళ్ళు పట్టుకుని
మూడు నెలలు కదిలించా.
ఎవురిది ఎవురికి తెలిసిందో తెలియదు.
ఒక మాపటేళ పాలు తాగతా తాగతా
ఆ చేత్తోనే నా ముక్కుపుల్ల పట్టి లాగింది.
రక్తమొచ్చింది.
వదలమనలా.

నిన్న వాసు టీకి పోయినప్పుడు
దాన్నెత్తుకుని క్రేట్ల కాటా ఎక్కా.
యాభై ఒకటి.
చెంగమ్మత్తకిచ్చి మళ్ళా ఎక్కా.
నలభై రొండు.
తీసేస్తే వచ్చిన తొమ్మిది బిడ్డది,
అంగన్‌వాడీ కార్డులో రాయిస్తా.
మిగిలిన అంకె నాది.
దాన్ని రాసే గడి ఏ కార్డులోనూ లేదు.
సుద్దముక్క తీసుకుని
రేట్ల బోర్డు మీద, నలభై కౌంట్ కింద రాశా.
వాసు వచ్చి తుడిచేదాకా
ఉండింది.